మీ క్యారవాన్, మా జవాబులు: మురుగు హోసుకి బండిలో చోటెక్కడ?

ఈసారి ప్రశ్నలన్నీ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులవి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు నుంచి వచ్చాయి. అన్నీ ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి: టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే హోసు. బండి కట్టించేటప్పుడు పరుపుల రంగు దాకా ఆలోచిస్తాం. దీనికి చోటు అడగాలని మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: మాది బరంపురం. ట్రావెలర్ వ్యాను మీద క్యారవాన్ కట్టించుకున్నాం. మురుగు హోసు మూడంగుళాలది, పదడుగుల పొడవు. వాడాక గోనెసంచిలో చుట్టి వెనక డిక్కీలో పడేస్తున్నాం. గ్యాస్ స్టవ్వు, మడత కుర్చీలు కూడా అందులోనే ఉంటాయి. వాసనకి ఇంట్లో ఎవరూ ఆ డిక్కీ తెరవడం లేదు. తక్కువ ఖర్చులో పద్ధతిగా పెట్టుకునే మార్గం చెప్పండి.

జవాబు: ముందు ఆ గోనెసంచి పారేయండి. అది తడిని పీల్చుకుని అట్టే పెట్టుకుంటుంది. మీ డిక్కీ వాసనలో హోసు వాటా సగమైతే మిగతా సగం సంచిదే. వంట సామాను ఉన్న అరలోకి మురుగు హోసు ఎంత శుభ్రంగా కడిగినా రాకూడదు.

మీకు కావలసింది బండి కింద బిగించిన ఒక పీవీసీ గొట్టం. ఇళ్లలో బాత్రూం లైన్లకి వేసే బూడిదరంగు ఎస్‌డబ్ల్యూఆర్ పైపే దీనికి సరిపోతుంది. సైజు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. హోసు మూడంగుళాలదే కదా అని నాలుగంగుళాల పైపు, అంటే 110 మి.మీ.ది, తెచ్చుకుంటారు. కొట్లో కూడా అదే చాలంటారు. హోసు ఒళ్లు అందులో దూరుతుంది. ముడతలతో కలిపి దాని బయటి కొలత 85 నుంచి 90 మి.మీ. ఉంటుంది. దూరనిది మూతి. ట్యాంకు వాల్వుకి తిప్పి బిగించే చెవులున్న ఫిట్టింగ్ అడ్డకొలత 115 నుంచి 125 మి.మీ. దాకా వస్తుంది. 110 మి.మీ. టైప్-బి (మందం గోడ రకం) పైపు గోడ 3.2 మి.మీ. మందం, కాబట్టి లోపల మిగిలేది 103 మి.మీ. చిల్లర. మూతి బయటే ఆగిపోతుంది. అందుకని 160 మి.మీ. పైపు తీసుకోండి. హార్డ్‌వేర్ కొట్లో ఆరంగుళాలదంటే ఇస్తారు. టైప్-బి అయితే గోడ 4 మి.మీ., లోపల సుమారు 152 మి.మీ. ఖాళీ. టైప్-ఎ గోడ 3.2 మి.మీ.; ఇంటి గోడకైతే అది బాగానే ఉంటుంది. చక్రాలు ఎగరేసే కంకర దెబ్బ తినాల్సిన చోట టైప్-బికే డబ్బు పెట్టండి.

ఇక పొడవు. ముడతలున్న హోసుని దగ్గరకి నొక్కితే సుమారు మూడో వంతుకి వస్తుంది. మీ పదడుగులది మీటరు దగ్గర ఆగుతుంది. దానికి వంపు మూతి, అంటే ఎల్బో, ఇంకో పాతిక సెంటీమీటర్లు. హోసుని మరీ బలవంతంగా కుక్కితే బయటికి తీసేటప్పుడు స్ప్రింగులా ఎదురు తంతుంది, అందులో మిగిలిన నీళ్లు మీ మీద చిమ్ముతాయి. కాస్త వదులుగా ఉండేలా ఒకటిన్నర మీటరు గొట్టం పెట్టుకోండి. మూడు మీటర్ల పైపు కొని రెండుగా కోయిస్తే రెండు గొట్టాలొస్తాయి. ఒకటి టాయిలెట్ హోసుకి. రెండోది సింకు నీళ్ల హోసుకి, చేతి తొడుగులకి. కోసిన అంచుల్ని ఆకురాయితో, తర్వాత గరుకు కాగితంతో లోపలా బయటా నున్నగా చేయండి. అక్కడ చిన్న పీచు మిగిలినా హోసు లోపలికీ బయటికీ వెళ్లిన ప్రతిసారీ దాన్ని గీరుతుంది. హోసు గోడ మందం అర మిల్లీమీటరు, అంతకి కాస్త ఎక్కువ. ఎన్నాళ్లో ఆగదు.

రెండు చివరలకీ ఒకే రకం మూత పెట్టకండి. ఒక చివర తలుపు, ఇంకో చివర కిటికీ అనుకోండి. కిటికీ వైపు డాబాల మీద గాలిగొట్టం పైన పెట్టే వెంట్ కౌల్ 160 సైజుది తెచ్చి, లోపల దోమతెర ముక్క ఒకటి, వీలైతే స్టీలుది, మడిచిపెట్టి సాల్వెంట్ సిమెంటుతో అతికించండి. తెర లేకపోతే కందిరీగలు గూడు కడతాయి. నాలుగు నెలలు ఆగి ఉన్న బండిలో చుంచులు కాపురం పెడతాయి, హోసు కొరికేది కూడా అవే. తలుపు వైపు రబ్బరు రింగు ఉన్న కప్లర్ అతికించి, అందులోకి ప్లగ్ తోసుకునేలా పెట్టండి. మరలతో తిప్పే మూత దొరికితే మరీ మంచిది. ఈ ప్లగ్‌కి సిమెంటు పూయకూడదని చెప్పనక్కర్లేదు.

గొట్టాన్ని తలుపు వైపుకి రెండు సెంటీమీటర్లు వాలుగా బిగించండి. ఎంత కడిగినా హోసు ముడతల్లో గ్లాసుడు నీళ్లు మిగులుతాయి. అవి తలుపు దగ్గరకి చేరి, రబ్బరు రింగు ఉంది కాబట్టి దారిలో కారకుండా ఆగుతాయి. తర్వాతి సారి తలుపు కింద బకెట్ పెట్టి, పక్కకి నిలబడి మూత తీయాలి. ఎదురుగా మాత్రం నిలబడకండి. గొట్టం అడుగున వరసగా చిల్లులు వేసుకోమని కొందరు మెకానిక్కులు చెబుతారు. నీళ్లు పోతాయన్నది నిజమే, కానీ పోయేది రోడ్డు మీదికి, పార్కింగులో పక్కవాళ్ల వాకిట్లోకి. కౌల్ చిల్లుల్లోంచి ఓ మగ్గు నీళ్లు పోస్తే గొట్టం లోపలంతా కడిగినట్టే, ఆ వాలు ఇలా కూడా పనికొస్తుంది.

బిగించడానికి 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న ఇనప పట్టీని గుండ్రంగా వంచి మూడు క్లాంపులు చేయించండి. క్లాంపుకీ క్లాంపుకీ మధ్య అరమీటరు. పట్టీకీ పైపుకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క వేయాలి. ఎండకి, చలికి ఒకటిన్నర మీటరు పీవీసీ మూడు మిల్లీమీటర్ల దాకా సాగి ముడుచుకుంటుంది. రబ్బరు ఉంటే జరగడానికి వీలుంటుంది, పైపు పగలదు. 8 మి.మీ. బోల్టులకి లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు వాడండి. మామూలు నట్టు, స్ప్రింగ్ వాషరు కొన్నాళ్లకి వదులవుతాయి. బోల్టు క్లాంపు చెవుల్లోంచి మాత్రమే వెళ్లాలి. పైపుకే చిల్లు పెట్టి బోల్టు దూర్చితే దాని తల లోపల హోసుని కోస్తుంది.

ఎక్కడ బిగించాలన్నది మీ బండి అడుగు చూసి తేల్చుకోవాలి. వెనక ఇరుసు దాటాక అడ్డంగా పెట్టడం తేలిక, ట్రావెలర్ వెడల్పులో ఒకటిన్నర మీటరు ఇమిడిపోతుంది. అక్కడ స్టెప్నీ ఉంటే ఛాసిస్ పక్కన పొడుగ్గా పెట్టుకోవచ్చు. తలుపు ట్యాంకు వాల్వు ఉన్న వైపే ఉండాలి. బండి ఎక్కే వైపు ఉండకూడదు. గొట్టం అడుగు వెనక ఇరుసు మధ్య ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ కన్నా కిందికి దిగకూడదు. బండికి ఎంత వెనక పెడితే స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు అంత ముందుగా నేలకి తగులుతుందని గుర్తుంచుకోండి. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కప్పేయకూడదు, బాడీ పక్కలకి పొడుచుకు రాకూడదు.

సైలెన్సరుకి ముప్పై సెంటీమీటర్ల దూరం తప్పనిసరి. పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బీఎస్-6 డీజిలు బండ్లలో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే డబ్బా, ఆ మసిని కాల్చుకునేటప్పుడు దాని లోపల 550, 600 డిగ్రీలు కూడా నడుస్తుంది. దూరం కుదరకపోతే మధ్యలో జీఐ రేకు అడ్డు పెట్టించండి, రేకుకీ గొట్టానికీ నడుమ గాలి ఆడాలి.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి. మా బండికి వెనక బంపరు నాలుగంగుళాల చదరపు ఇనప డబ్బా. హోసు దాని లోపలే పెట్టుకోవాలని కట్టినవాళ్లు చెప్పారు. దూర్చితే మూతి దగ్గర ఇరుక్కుంది, లాగితే చిరిగింది.

జవాబు: ఇది అమెరికా ట్రైలర్ల పద్ధతి. అక్కడ నాలుగంగుళాల చదరపు బంపరు మామూలు, హోసు అందులోనే పెడతారు. అక్కడివాళ్లకీ ఇదే తలనొప్పి: ఒళ్లు దూరుతుంది, మూతి దూరదు. మీది 3 మి.మీ. రేకైతే లోపల 94 మి.మీ. మాత్రమే. చిరగడానికి కారణం మూతి ఒక్కటే కాకపోవచ్చు. టార్చి వేసి లోపలికి చూడండి. వెల్డింగ్ చేసినచోట లోపలికి కారిన ఇనప బొట్లు ముళ్లలా నిలబడి ఉంటాయి. పొడుగు కడ్డీకి ఆకురాయి కట్టి వాటిని రుద్దించాలి, తర్వాత రెడ్ ఆక్సైడు పూయాలి. తడి హోసు పెట్టే ఇనప డబ్బా లోపలి నుంచి తుప్పు పడుతుంది, బయట రంగు కొత్తగానే కనబడుతూ ఉంటుంది.

అదే వాడదల్చుకుంటే రెండు మూతులూ విడదీసుకునే రకం హోసు కొనండి. ఒళ్లు మాత్రం బంపర్లో, మూతులు మూతున్న బకెట్లో. ప్రతిసారీ విప్పి బిగించే ఓపిక ఉండాలి. మా సలహా అడిగితే బంపర్ని బంపరుగానే వదిలేసి, పై జవాబులో చెప్పిన గొట్టం పెట్టించుకోండి. చిరిగిన చోటు మూతికి అరడుగు లోపల ఉంటే అక్కడికి కోసేసి, మూతిని మళ్లీ స్టీలు క్లిప్పుతో బిగించుకోవచ్చు. మధ్యలో చిరిగితే టేపు చుట్టి ఇల్లు చేరుకోవడమే, దాని మీద ఇంకో ప్రయాణం పెట్టుకోవద్దు.

ప్రశ్న: మాది రాయగడ. క్యారవాన్ కట్టిన షెడ్డువాళ్లు చేలల్లో మోటార్లకి వాడే ఆకుపచ్చ సక్షన్ పైపు, మూడంగుళాలది, పదిహేను అడుగులు ఇచ్చారు. రెండు చివరలా క్యామ్‌లాక్, అంటే చేతులు మడిచి బిగించే మూతి. గట్టి సరుకే, కానీ ముడుచుకోదు. చుట్ట చుడితే డిక్కీ నిండా అదే.

జవాబు: పైపు మంచిదే, చోటే దండగ. సక్షన్ పైపు పంపు లాగే ఒత్తిడికి చదునైపోకుండా ఉండేందుకు లోపల గట్టి ప్లాస్టిక్ వెన్ను తిప్పుతారు. ట్యాంకు ఖాళీ చేయడంలో లాగే ఒత్తిడేమీ ఉండదు, మురుగు వాలుకి దానంతటదే జారుతుంది. ఆ గట్టిదనం వల్ల మీకు వచ్చే లాభం తక్కువ. పైగా చుట్ట మీటరు కన్నా చిన్నదిగా చుట్టకండి. బిగించి చుట్టిన వంపు దగ్గర పైపు తెల్లబడి, చలికాలంలో చిట్లుతుంది.

అసలు పదిహేను అడుగులు ఎందుకన్నది ముందు తేల్చుకోండి. బండిని మురుగు వదిలే ఛాంబరు పక్కకి తెచ్చి నిలిపితే ఏడెనిమిది అడుగులతో పని అయిపోతుంది. పైపు పొడుగైన కొద్దీ వాలు తగ్గుతుంది, కడగాల్సిన గజాలు పెరుగుతాయి. దీన్ని మధ్యకి కోసి ఏడున్నర అడుగుల ముక్కలు రెండు చేయండి. కోసిన ఒక చివర సి-రకం క్యామ్‌లాక్, అంటే చేతులున్న ఆడ మూతి. ఇంకో చివర ఇ-రకం, మగ మూతి. రెండూ హోసు లోపలికి దూరే తోకతో వస్తాయి. ఒక్కో తోక మీద రెండేసి క్లిప్పులు, ఒకదాని మర ఇటు, ఇంకోదాని మర అటు ఉండేలా బిగించండి. దాదాపు ఎప్పుడూ ఒక ముక్కే బయటికి తీస్తారు. మూతులకి మూతలు మర్చిపోవద్దు: మగ మూతికి డీసీ, ఆడ మూతికి డీపీ. కొట్లో ఆ అక్షరాలు చెబితే చాలు.

రెండు ముక్కల్నీ ఛాసిస్ పక్కన చెరో రెండున్నర మీటర్ల గొట్టంలో పొడుగ్గా పెట్టాలి. ఇక్కడా 160 మి.మీ.దే. క్యామ్‌లాక్ చేతులు మూసి ఉన్నా 110లోకి రావు. ఒక గొట్టంలో ఒక ముక్కే పడుతుంది కాబట్టి రెండోదానికి చోటు లేకపోతే ఇంట్లో వదిలేయండి. వెనక నిచ్చెనకి చుట్ట వేలాడదీసిన బండ్లు రోడ్ల మీద కనబడుతూనే ఉంటాయి. సిగ్నల్ దగ్గర వెనక ఆగిన స్కూటరాయన గురించి కాస్త ఆలోచించండి.

ప్రశ్న: లపేటా పైపు వాడొచ్చా? బాగా చుట్టుకుంటుంది, చోటు అసలు పట్టదు. (గుణుపురం)

జవాబు: వద్దు. లపేటా పంపు ఒత్తిడి ఉన్నంతసేపే గుండ్రంగా ఉంటుంది. ట్యాంకు నుంచి దానంతటది జారే మురుగుకి ఆ ఒత్తిడి ఉండదు. చదునైన చోట కాగితం, మలం ఆగి అడ్డం పడతాయి, వాల్వు దగ్గర పొంగుతుంది. సింకు నీళ్ల ట్యాంకుకి అయితే వాడుకోండి.

ప్రశ్న: కోరాపుట్ ఘాట్ దిగుతుంటే గొట్టం మూత ఊడి హోసు రోడ్డు మీద పడిపోయింది. వెనకొచ్చే లారీ దాని మీదుగా వెళ్లింది. మూత గట్టిగానే తోశాం. ఎందుకు ఊడింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి?

జవాబు: గట్టిగా తోశారు, కానీ ఆ పట్టంతా రబ్బరు రింగు రాపిడి మీదే నిలబడింది. ఘాట్ రోడ్డులో బండి అదురు ఆ రింగుని ఒక్కో వెంట్రుకవాసి జరుపుతుంది. పైగా ముడుచుకున్న హోసు స్ప్రింగులా లోపలి నుంచి మూతని నెడుతూనే ఉంటుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ హోసు బరువు దాని మీద కొడుతుంది. అడ్డంగా బిగించిన గొట్టానికి ఇది ఇంకా ఎక్కువ. మలుపుల్లో బరువు పక్కలకే కదా తూగేది.

మూడు పనులు చేయండి. కప్లర్, మూత రెండిట్లోంచీ వెళ్లేలా పై అంచు దగ్గర 6 మి.మీ. చిల్లు పెట్టి ఆర్-పిన్ దూర్చండి. ట్రాక్టర్ల విడిభాగాల కొట్లో ఆర్-పిన్ దొరుకుతుంది. చిల్లు రబ్బరు రింగుకి బయటి వైపు పడాలి, లోపలైతే నీళ్లు కారతాయి. పిన్నుకి సన్నని గొలుసు కట్టి క్లాంపుకి తగిలించండి, లేకపోతే మూడో ప్రయాణానికి పిన్నే కనబడదు. రెండోది, మూతకి విడిగా ఇంకో గొలుసు. మూడోది, హోసు మూతికి నైలాన్ తాడు కట్టి, తాడు రెండో కొసని కౌల్ వైపు కట్టేయండి. మూత ఊడినా హోసు రోడ్డు మీదికి రాదు. హోసుని లాగడానికి కూడా ఆ తాడే పిడి. ఘాట్ ఎక్కే ముందు టైర్ల గాలి చూసుకునేటప్పుడే పిన్ను కూడా చేత్తో తాకి చూడండి.

లారీ తొక్కిన హోసు బయటికి బాగానే కనబడినా వాడొద్దు. లోపలి ఇనప తీగ నలిగి ఉంటుంది. వంగిన తీగ మొన ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తుంది, అదీ ట్యాంకు నిండుగా ఉన్న రోజే వస్తుంది.

ప్రశ్న: ఛత్రపురం నుంచి. ప్రతిసారీ కడుగుతాం, మూతలు పెడతాం. అయినా తీసినప్పుడల్లా కుళ్లు వాసన. కొత్త గొట్టం కూడా కంపు పట్టేసింది.

జవాబు: గొట్టం ఎంత బాగా కట్టినా, లోపలికి వెళ్లే హోసు ఎలా వెళ్తోందన్న దాని మీదే మిగతా కథంతా నడుస్తుంది. కడుగుతున్నామన్నారు, ఎలా కడుగుతున్నారో చెప్పలేదు. ముడతల హోసు లోపల ప్రతి గాడీ ఒక చిన్న దొన్నె. నేల మీద పడుకోబెట్టి పైప్‌తో నీళ్లు కొడితే పైపైన పారిపోతాయి, దొన్నెల అడుగు కదలదు. అక్కడ పట్టే జిగురే మీ వాసన.

వరస ఇది. ముందు టాయిలెట్ ట్యాంకు వాల్వు తెరవండి. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాకే ఖాళీ చేయాలి. సగం కూడా లేనప్పుడు తెరిస్తే నీళ్లు పోయి గట్టిది వెనక ఉండిపోతుంది, హోసులో కూడా అంటుకుంటుంది. అది పూర్తయ్యాక ఆ వాల్వు మూసి, సింకు, స్నానం నీళ్ల ట్యాంకు తెరవండి. సబ్బు నీళ్లు హోసుని ఒకసారి కడిగేస్తాయి. రెండూ ఒకే మూతికి కలిసిన బండ్లలోనే ఇది కుదురుతుంది. రెండు వాల్వులూ మూశాక బండి వైపు చివర విప్పి, వెంటనే వాల్వుకి మూత పెట్టండి. ఆ చివరని భుజం ఎత్తుకి లేపి, చేతి మీద చేయి వేస్తూ ఛాంబరు వైపు నడవండి, నీళ్లన్నీ అటు జారిపోతాయి. ఇప్పుడు అదే చివర నుంచి పది లీటర్ల శుభ్రమైన నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించి మళ్లీ నడవండి. ఇలా రెండుసార్లు. సన్నధార పైపుతో పది నిమిషాలు కొట్టినా రాని ఫలితం ఒక్క బకెట్ గుమ్మరిస్తే వస్తుంది. ఛాంబరు చివర ఆఖరున తీయాలి. ముందే తీస్తే మిగిలిందంతా మీ చెప్పుల మీదే.

నెలకోసారి, లేదా పెద్ద ప్రయాణం అయ్యాక, పది లీటర్ల నీళ్లలో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 100 మి.లీ. కలపండి. ఒక చివర మూసి, హోసుని యు ఆకారంలో పట్టి నింపి, పది నిమిషాలు ఉంచి పారబోసి కడిగేయండి. పదడుగుల మూడంగుళాల హోసులో సుమారు 14 లీటర్లు పడతాయి, ఒకేసారి నిండదు. అటూ ఇటూ తిప్పుతూ తడపాలి. ఇందులో యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ చుక్క కూడా కలవకూడదు. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, ఇది ఊపిరికే ప్రమాదం. ఈ నీళ్లని ఇంటి సెప్టిక్ ట్యాంకులో పోయకండి, మలాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవుల్ని చంపుతాయి.

మూతల విషయంలో మా మాట కొంచెం వింతగా ఉంటుంది. బండి కదులుతున్నంతసేపూ రెండు మూతలూ ఉండాల్సిందే. ఇల్లు చేరాక మాత్రం హోసు తీసి, మూతలు విప్పి, నీడలో ఏటవాలుగా వేలాడదీయండి. వాకిట్లో అందరికీ కనబడుతుందని మొహమాటపడి మూతలతో గొట్టంలోకి తోసేస్తే మళ్లీ అదే కంపు. ఎండలో కూడా ఆరవేయొద్దు, ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. కోరాపుట్ వైపు వానాకాలంలో రెండు మూడు రోజులైనా ఆరదు, తొందరపడకండి.

ప్రశ్న: హోసు మూతి దగ్గర బొట్లు బొట్లుగా కారుతోంది. బిగించినా ఆగడం లేదు. గ్రీజు పూస్తే సరిపోతుందా? (బరంపురం)

జవాబు: గ్రీజు, వేజలైన్ రెండూ వద్దు. పెట్రోలియం సరుకు తగిలితే ఈ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, కారడం ఇంకా పెరుగుతుంది. సిలికోన్ గ్రీజు పలచగా రాయండి. అది రాసినా ఆగకపోతే రబ్బరు వాషరు గట్టిబడిపోయినట్టే, గోటితో నొక్కి చూడండి. గాటు పడకపోతే మార్చాలి. దాన్ని విప్పినప్పుడు గాడిలో ఇసుక రేణువు ఉందేమో కూడా చూడండి. హోసుని నేల మీద వదిలి మూతులకి మూతలు పెట్టని బండ్లలో కారడానికి సగం కారణం ఇసుకే. కారేది మూతి దగ్గరో, ఒళ్లు దగ్గరో తెలియకపోతే ఒక చివర మూసి, మంచినీళ్లు నింపి, పొడి సిమెంటు నేల మీద పెట్టి చూడండి. తడి ఎక్కడ మొదలైతే అక్కడ.

ప్రశ్న: గోపాలపురం సముద్రపొడ్డున బండి నిలుపుతాం. రెండేళ్లకే క్లాంపులు పొడిపొడిగా రాలిపోయాయి.

జవాబు: ఉప్పుగాలికి ఎంఎస్ పట్టీ, అంటే మామూలు ఇనుము, అంతే. 316 రకం స్టెయిన్‌లెస్ క్లాంపులు, అదే రకం బోల్టులు వేయించండి. 304 కూడా మీ చోట మచ్చలు పడుతుంది, అయినా ఎంఎస్ కన్నా చాలా నయం. స్టీలు బోల్టు నేరుగా ఛాసిస్ ఇనుముని తాకకుండా నైలాన్ వాషరు వేయాలి, లేకపోతే తుప్పు ఛాసిస్‌కి పడుతుంది. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ బండి అడుగుని మంచినీళ్లతో కడిగితే గొట్టానికే కాదు, బ్రేకు పైపులకి కూడా మేలు.

ప్రశ్న: మాది క్యాసెట్ టాయిలెట్. హోసు గొడవ మాకు ఉందా? (జయపురం)

జవాబు: టాయిలెట్‌కి లేదు. క్యాసెట్ని, అంటే టాయిలెట్ కింద ఉండే పెట్టెని, చేత్తో తీసుకెళ్లి కమోడ్‌లో పోస్తారు. సింకు నీళ్లకి మాత్రం ఒకటిన్నర అంగుళాల హోసు చాలు, నాలుగంగుళాల గొట్టంలో హాయిగా ఇముడుతుంది. దాన్నీ ఆరబెట్టాలి. వంట జిడ్డు వాసన తక్కువదేం కాదు.

ప్రశ్న: హోసు పెట్టుకోవడం సరే, పర్లాకిమిడి, బరంపురం మధ్య తిరిగే మాలాంటివాళ్లం అసలు ఎక్కడ ఖాళీ చేయాలి? మా ఇంటి సెప్టిక్ ట్యాంకులో చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. క్యారవాన్ ట్యాంకు అరవై, ఎనభై లీటర్లు మాత్రమే, ఇంటి సెప్టిక్ ట్యాంకుకి అది భారం కాదు. ఫార్మాల్డిహైడ్ ఉన్న టాయిలెట్ మందు వాడుతుంటే మాత్రం వద్దు, సూక్ష్మజీవుల్ని అది కూడా చంపుతుంది. ఎంజైము రకానికి మారండి. సెప్టిక్ ట్యాంకు మూత తీసి తల లోపలికి పెట్టకండి, అక్కడి గ్యాసుకి మనుషులు చచ్చిపోతున్నారు. ట్యాంకుకి ముందున్న ఇన్‌స్పెక్షన్ ఛాంబరులో పోయాలి. అక్కడి 110 మి.మీ. పైపు నోట్లోకి హోసు ఎల్బోని దూర్చి, చుట్టూ రబ్బరు రింగు పెట్టి, పైన ఇటుక బరువు ఉంచండి. మురుగు ఉరవడికి ఎల్బో పైకి లేచిందంటే వాకిలంతా కడుక్కోవాలి. హోసు మధ్యలో కుంగిపోకుండా కింద రెండు మూడు ఇటుకలు మెట్లుగా పేర్చి వాలు ఇవ్వండి. కుంగిన చోట నిలిచిన నీళ్లే తర్వాత మీ గొట్టంలోకి వస్తాయి.

ఊరి మధ్య తెరిచిన కాలువల్లో, గోపాలపురం లాంటి చోట సముద్రంలోకి పోయే వాననీటి కాలువల్లో వదలకూడదు. హోటలువాళ్లు ఫరవాలేదన్నా సరే. బరంపురం సహా ఒడిశా పట్టణాల్లో సెప్టేజీ, అంటే సెప్టిక్ ట్యాంకుల నుంచి తోడిన మురుగు, శుద్ధి చేసే కేంద్రాలున్నాయి. ట్యాంకర్ల కోసం కట్టినవి కాబట్టి ముందు మునిసిపాలిటీలో అడిగి వెళ్లాలి. సెప్టిక్ ట్యాంకు తోడించే బండి కావాలన్నా, సాయం కావాలన్నా 14420 నంబరు ఉంది. శుద్ధి కేంద్రానికి వెళ్లేటప్పుడు క్యామ్‌లాక్ మూతి ఒకటి వెంట ఉంచుకోండి. అక్కడి పైపులు ట్యాంకర్లకి సరిపడేవి, మీ చెవుల మూతి వాటికి పట్టకపోవచ్చు. ఆ మూతిని గొట్టం తలుపు వైపే, చేతి తొడుగులతో పాటు చిన్న సంచిలో పెట్టుకోండి. మంచినీళ్ల పైపున్న అరలో మాత్రం వద్దు.